నాలుగు మెట్లు

మాది జగిత్యాల జిల్లా మల్లాపూర్. నేను సుతారి పని చేసి బతికినవాణ్ణి. మొదట ఊళ్లో, తర్వాత మెట్‌పల్లి, కోరుట్ల వైపు, ఆ తర్వాత చాలా ఏళ్లు దుబాయిలో. ఇప్పుడు అరవై ఆరేళ్లు. నిరుడు జనవరి చివర్లో కెనడాలోని హామిల్టన్‌లో మా కొడుకు ఇంటి మెట్ల మీద పడ్డాను. తుంటి విరిగింది. అక్కణ్ణుంచి ఆ మెట్లు పడగొట్టి కొత్తవి కట్టేదాకా ఎట్లా గడిచిందో రాయమని మా కోడలు అన్నది. మన దిక్కు నుంచి తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది చలి దేశాలకు పోతున్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. మా వాడు కొన్నది 1950లలో కట్టిన చిన్న ఇటుక ఇల్లు. అక్కడి ఇళ్లకు కింద నేలమాళిగ ఉంటుంది. అందుకని వాకిలి తలుపు నేలకు ఎత్తుగా ఉంటుంది. తలుపు దాకా పోవాలంటే నాలుగు కాంక్రీటు మెట్లు, పైన నిలబడేంత చిన్న గద్దె.

అక్టోబరులో దిగిన రోజే ఆ మెట్లను చేత్తో తడిమి చూశాను. చేసిన పని అలవాటు, ఎక్కడికి పోయినా గోడలూ మెట్లూ చూస్తాను. పై పొర పొలుసులు పొలుసులుగా లేచిపోయి లోపలి కంకర బయటపడింది. అంచులు గుండ్రంగా అరిగాయి. ఒక మెట్టు అంచు దగ్గర లోపలి సలాక తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న కాంక్రీటును పగలదీసింది. దిమ్మె మొత్తం ఇంటి గోడను విడిచి ముందుకు ఒరిగింది. ఆ సందులో నా వేళ్లు దూరాయి. పట్టుకునే కడ్డీ ఉంది గానీ పాతిన చోట తుప్పు తినేసింది. పట్టుకుంటే ఊగుతుంది.

మా వాడికీ తెలుసు. కాంట్రాక్టరుతో ముందే మాట్లాడుకున్నాడు. మే నెల దాకా కుదరదన్నారట. చలి 5 డిగ్రీలకు దిగితే అక్కడ కాంక్రీటు పని కష్టం. వేడినీళ్లతో కలపాలి, గుడారం కట్టి హీటర్లు పెట్టాలి, దుప్పట్లు కప్పాలి. పెద్ద బిల్డింగులకు అట్లా చేస్తారు. ఇంటి ముందర నాలుగు మెట్లకు ఎవరు చేస్తారు? దుబాయిలో మాకు దీనికి తలకిందులు. ఎండకు కాంక్రీటు తొందరగా బిగుసుకుపోతుందని నీళ్లలో కొంతకు బదులు ఐసు ముక్కలు కలిపేవాళ్లు, రాత్రిళ్లు పోసేవాళ్లం. అందుకే, మే దాకా ఆగాలంటే సరేనన్నాను.

నేను పడిన రోజుకు ముందు రాత్రి వాన పడింది. పడ్డ వాన పడ్డట్టే గడ్డకట్టింది. పొద్దున మా వాడు డ్యూటీకి పోతూ మెట్ల మీద ఉప్పు చల్లి పోయాడు. మా ఇంటామె అప్పటికే మా బిడ్డ కాన్పు ఉందని మల్లాపూర్ తిరిగిపోయింది. కోడలు పైగదిలో మీటింగులో ఉంది. చెత్తబండి పోయింది గదా, ఖాళీ డబ్బా లోపలికి తెద్దామని బయటికి వచ్చాను. మందపాటి కోటు వేసుకోలేదు. రెండు నిమిషాల పనే కదా అని శాలువా కప్పుకున్నాను.

నేను జారలేదు. ఆ సంగతి డాక్టర్లకూ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. తుప్పు సలాక ఉన్న మెట్టు మీద బరువు వేయగానే దాని అంచు బెల్లం గడ్డలా విరిగి పడింది. కడ్డీ పట్టుకున్నాను. అది నాతోపాటే వచ్చింది.

పడ్డాక మొదట నొప్పి తెలియలేదు. లేవబోయాను. కుడికాలు రాలేదు. చూస్తే పాదం బయటికి తిరిగిపోయి ఉంది. కాలు రెండోదానికంటే పొట్టిగా కనిపించింది. దుబాయిలో పరంజా మీది నుంచి పడ్డ ఒక పిల్లగాడి కాలు అట్లనే ఉండింది. తుంటి పోయిందని అప్పుడు అర్థమైంది. నొప్పి తర్వాత వచ్చింది.

ఫోను లోపల ఉంది. కేకలేశాను. చలికి ఆ వీధిలో అన్ని కిటికీలూ మూసే ఉంటాయి, ఒక్కోదానికి రెండేసి అద్దాలు. నా కేక నాకే చిన్నగా వినిపించింది. మొదట కోడలి పేరు పెట్టి పిలిచాను. తర్వాత ఏమని అరిచానో తెలియదు. ఎప్పుడో చచ్చిపోయిన మా అవ్వను పిలిచానట. పక్కింటాయన తర్వాత ఆ మాట పలికి చూపిస్తే తెలిసింది. లాగు తడిసిపోయింది. ఆ తడి కొంచెం సేపు వెచ్చగా ఉండి తర్వాత చల్లబడింది. ఇది రాయొద్దనుకున్నాను. కానీ భయం ఎట్లా ఉంటుందో చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

పక్కింటాయన ఇటలీ నుంచి వచ్చిన ముసలాయన. ఆయనది సిసిలీలోని రకాల్ముతో అనే ఊరట. హామిల్టన్‌లో ఆ ఊరివాళ్లు కొన్ని వేలమంది ఉంటారు. మన ఊళ్లు దుబాయికి పోయినట్టే ఆ ఊరు హామిల్టన్‌కు వచ్చింది. ఆయన చెప్పులతోనే పరుగెత్తుకొచ్చాడు. నేను లేవబోతుంటే ఛాతీ మీద అరచెయ్యి పెట్టి అదిమాడు. కదలనియ్యలేదు. ఉన్ని దుప్పటి కప్పాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ మంచుగడ్డ మీద మోకాళ్ల మీదే కూర్చున్నాడు. ఆయన వయసు ఎనభై దాటింది. ఆ రోజు ఆయన నన్ను లేపి కూర్చోబెట్టి ఉంటే విరిగిన ఎముక ఇంకా జరిగేదని డాక్టరు అన్నాడు. ఆ చెయ్యికి నేను రుణపడి ఉన్నాను.

ఆసుపత్రిలో నాకు చావు భయం కంటే పైసల భయం ఎక్కువైంది. నేను వెళ్లింది పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద. ఆ వీసా రావాలంటే కనీసం లక్ష కెనడా డాలర్లకు, కనీసం ఏడాదికి ఆరోగ్య బీమా తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వ వైద్యం మనలాంటి వచ్చిపోయేవాళ్లకు వర్తించదు. ఆ బీమాలో స్వదేశానికి తిరిగి పంపే ఖర్చు కూడా ఉండాలి. మనిషినైనా, శవాన్నైనా. దుబాయి నుంచి మా ఊళ్లకు పెట్టెలు రావడం చూసినవాణ్ణి. స్ట్రెచర్ మీద పడుకుని ఆ ఒక్క మాటే తలుచుకున్నాను.

కోడలు ఫైలు పట్టుకుని వచ్చింది. ఆపరేషనుకు ముందే బీమావాళ్లకు ఫోన్ చేయాలని కాగితంలో ఉంది. చేసింది. ముందునుంచే బీపీ, షుగరు ఉన్నాయి గదా, వీసా ముందటి నెలల్లో మందులు మార్చారా, మోతాదు పెంచారా అని అడిగారు. పెంచి ఉంటే డబ్బు రాకపోవచ్చు. మందుచీటీలు కోరుట్ల డాక్టరువి, మల్లాపూర్‌లో మా బీరువాలో ఉన్నాయి. అప్పుడు మన దగ్గర రాత్రి. మా తమ్ముడి కొడుకు మా ఇంటికి పోయి, బీరువా తీసి, ఒక్కో చీటీకి ఫోటో తీసి పంపించాడు. తారీఖులు కనబడకపోతే మళ్లీ తీశాడు. ఆ పిల్లగాడు ఆ రాత్రి నిద్రపోలేదు. మందులు మారలేదని చీటీల్లో ఉంది. బీమా ఒప్పుకుంది.

ఆ జవాబు వచ్చేలోపు నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "వద్దు బిడ్డా, నన్ను ఇంటికి పంపించు. కరీంనగర్‌ల చేయించుకుంట" అన్నాను.

"ఈ కాలుతోని విమానమెట్లెక్కుతవు మామా?" అన్నది కోడలు. ఆమె సిరిసిల్ల బిడ్డ. మాటలు తక్కువ. నా కళ్లు తుడిచి, మళ్లీ ఫోన్ అందుకుంది.

తుంటి విరిగితే 48 గంటల్లోపు ఆపరేషన్ చేయాలనేది అక్కడి నియమం. నాకు మరుసటి రోజు చేశారు. వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద ఏమీ తెలియదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. ఎముకలోకి రాడ్డు దించే సుత్తి చప్పుడు విన్నాను. జీవితమంతా సుత్తి చప్పుడు విన్నవాణ్ణే. కానీ ఆ చప్పుడు నా లోపలి నుంచి వస్తోంది.

ఆ రాత్రి నాకు మతి తప్పింది. పెద్ద వయసులో ఈ ఆపరేషన్ అయినవాళ్లకు ఇట్లా జరగొచ్చని ముందే చెప్పి ఉంటే మా వాడు అంత భయపడేవాడు కాదు. నేను దుబాయి సోనాపూర్ క్యాంపులో ఉన్నాననుకున్నాను. బస్సు వచ్చింది, డ్యూటీకి లేటైతుందని లేవబోయాను. చేతి సూది పీకేశాను. మా వాణ్ణి ఎవరో సూపర్‌వైజర్ అనుకుని సలాం పెట్టి, జీతం కోయొద్దని బతిమాలానట. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తడు. రాత్రి డ్యూటీలో ఉన్న కేరళ నర్సమ్మ గల్ఫులో పనిచేసి వచ్చింది. హిందీలో "ఇవాళ శుక్రవారం, సెలవు, పడుకో" అన్నదట. పడుకున్నాను. రెండు మూడు రోజులకు తల కుదుటపడింది.

మరొకరిని కూడా తలుచుకోవాలి. డాక్టర్లు ఏమైనా అడగాలంటే ఫోనులో ఒక తెలుగు దుబాసీని కలిపేవాళ్లు. మనిషి కనబడదు, గొంతు మాత్రమే. మలమూత్రాల సంగతి అడగాల్సి వచ్చినప్పుడు "పెద్దాయనా, ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టేది. ఏ ఊరామెనో తెలియదు.

ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక సూత్రం నేర్పింది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు విరిగిన కాలు ముందు. ఇది బట్టీపట్టండి. ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తుంది. మెట్లు ఎక్కి చూపిస్తేనే ఇంటికి పంపుతామన్నది. మీ ఇంటికి ఎన్ని మెట్లు అని అడిగింది. నాలుగు అని వేళ్లతో చూపించాను. చెయ్యి వణికింది.

ఇంటికి పోవాలంటే ఆ మెట్లే దారి. నేను ఆసుపత్రిలో ఉండగానే మా వాడు కాంట్రాక్టరును పిలిచి, పాత దిమ్మె మీదుగా చెక్కతో తాత్కాలికంగా మెట్లు వేయించాడు. రెండు వైపులా కడ్డీలు పెట్టించాడు. మే దాకా వాటితోనే గడిపాం. ఇట్లా చేయొచ్చని చాలామందికి తెలియదు. పాత మెట్లు చెడిపోయి, చలికాలం అడ్డొస్తే, చెక్క మెట్లు వేసుకుని వసంతం దాకా ఆగొచ్చు.

ఇంటికొచ్చాక అసలు కష్టం. ఫిబ్రవరి, మార్చి. స్నానం, దొడ్డికి పోవడం, లుంగీ మార్చడం. పగలు కొడుకు ఉండడు. కోడలే. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టలో ఒక సూది వేసుకోవాలి. అదీ ఆమే వేసింది. మొదటి రోజు ఆమె చేతులు వణకడం చూశాను. నేను మొఖం గోడకు తిప్పుకున్నాను. మామను కోడలు తాకే అలవాటు మా ఇళ్లల్ల లేదు. ఒక పొద్దంతా ఆమెను పిలవడం ఇష్టం లేక ఉగ్గబట్టుకుని ఉన్నాను. ఆమెకు తెలిసిపోయింది. "మా బాపుకైతే చెయ్యనా మామా?" అన్నది. గంతే. ఆ తర్వాత పిలిచాను. సిగ్గు పోలేదు. సిగ్గుతోనే పిలిచాను.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. ఫిజియో అమ్మాయి ఇంటికొచ్చి బయట నడవమంది. తలుపు దాకా పోయాను. గద్దె మీద నిలబడి కిందికి చూస్తే చెమటలు పోశాయి. దుబాయిలో ఎత్తుల మీద పరంజా కట్టినవాణ్ణి. నాలుగు మెట్లు దిగలేక వెనక్కి తిరిగాను. ఆమె ఒక్క మాట అనలేదు. మళ్లీ వారం వచ్చింది. అప్పుడూ దిగలేదు.

మే నెలలో పని మొదలైంది. అక్కడ తవ్వే ముందు ఒంటారియో వన్ కాల్ అనే సంస్థకు చెప్పాలి. గ్యాసు, కరెంటు, ఫోను తీగలు ఎక్కడ పోతున్నాయో వాళ్లొచ్చి నేల మీద రంగుతో గీతలు గీసి పోతారు. పైసా తీసుకోరు. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పని మొత్తం చూశాను. ఆ నెలల్లో నేను భయం లేకుండా గడిపిన మొదటి రోజులు అవే.

డ్రిల్లు పెట్టి దిమ్మె పగలగొట్టారు. లోపల చూస్తే విరిగిన ఇటుకలు, మట్టి, పనికిరాని రాళ్లు. పునాది లేదు. ఇల్లు కట్టినప్పుడు నేలమాళిగ చుట్టూ తవ్విన గుంతను పోతమట్టితో నింపి, దాని మీదే మెట్లు పెట్టారు. ఆ మట్టి ఏళ్ల తరబడి దిగుతూ వచ్చింది, మెట్లూ దిగాయి. పైగా అక్కడ చలికాలంలో నేల లోపలి దాకా గడ్డకట్టి ఉబ్బుతుంది. అందుకే పునాది నాలుగడుగుల లోతుకు, గడ్డకట్టని మట్టి దాకా పోవాలని లెక్క. కొత్తవాళ్లు అంత లోతుకు గుంతలు తీసి కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి మీద మెట్లు నిలబెట్టారు.

మెట్లు పైనుంచి ఎందుకు పొలుసులు లేస్తాయో కూడా అప్పుడే అర్థమైంది. పగలు మంచు కరిగి ఆ నీరు కాంక్రీటు రంధ్రాల్లోకి పోతుంది. రాత్రి గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఒక చలికాలంలోనే ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఆ నష్టాన్ని ఇంకా పెంచుతుంది, లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. మనిషి పడకుండా వేసే ఉప్పే మెట్టును తింటుంది.

దీనికి వాళ్ల మందు విని నేను నమ్మలేదు. కాంక్రీటులో కావాలని గాలి కలుపుతారు. వైబ్రేటర్ పెట్టి గాలి తీసెయ్యమని మాకు జీవితమంతా నేర్పారు. అది పెద్ద బుడగల సంగతి. ఇవి కంటికి కనబడనంత చిన్నవి, మందు కలిపితే పుడతాయి. గడ్డకట్టే నీరు ఉబ్బడానికి వాటిలో చోటు దొరుకుతుంది. 1930ల చివర్లో అమెరికా రోడ్ల మీద ఈ సంగతి బయటపడిందట. ఇప్పుడు అక్కడ బయటి మెట్లకు 32 మెగాపాస్కల్ బలమున్న కాంక్రీటు, అందులో 5 నుంచి 8 శాతం గాలి ఉండాలని నిబంధన. నీళ్లు ఎక్కువ పోసి పలుచన చేయొద్దు. మన దగ్గర మేస్త్రీలు పని సులువని బకెట్లు కుమ్మరిస్తారు గదా, అక్కడ అట్లా చేస్తే రెండు చలికాలాల్లో పై పొర లేచిపోతుంది.

ఇటలీ ముసలాయన రోజూ వచ్చి నిలబడేవాడు. ఆయనా కాంక్రీటు పనివాడే. సెంట్రింగు బిగించాక మట్టం పెట్టి చూసి, నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ప్రతి మెట్టూ కొంచెం ముందుకు వాలు, నీరు నిలవకుండా. మెట్ల ఎత్తు అన్నీ ఒక్కటే. 200 మిల్లీమీటర్లు దాటకూడదు. పాదం పెట్టే వెడల్పు 255కు తగ్గకూడదు. పాతవాటిలో దిమ్మె ఒరగడం వల్ల ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు ఉండేది. కాలు లెక్క తప్పేది అందుకే. పోసిన తర్వాత తాపీతో నున్నగా రుద్దలేదు. చీపురు లాంటి బ్రష్షు అడ్డంగా గీసి గరుకు చేశారు. తడి గోనెపట్టాలు కప్పి వారం పాటు ఆరనివ్వలేదు. కడ్డీ ఈసారి రెండు వైపులా, మోచెయ్యికి అందే ఎత్తులో. మూడు మెట్లు దాటితే కడ్డీ ఉండాల్సిందేనని అక్కడి రూలు. మొదటి చలికాలం ఉప్పు అస్సలు వేయొద్దని, ఇసుక చల్లుకోమని చెప్పి పోయారు.

దిగాను. రెండు చేతులా కడ్డీలు పట్టుకుని, విరిగిన కాలు ముందు పెట్టి, మా వాడు కింద ఎదురుగా నిలబడి ఉండగా దిగాను. గుండె దడ తగ్గలేదు. కొత్త మెట్టు మీద కూడా అంచు విరుగుతుందేమోనని కాలు ఆనించి చూసే అలవాటు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మల్లాపూర్‌లోనే ఉన్నాను. చేతికర్రతో నడుస్తాను. మన దగ్గర నేల గడ్డకట్టదు, మెట్లు అట్లా పగలవు. మన కష్టం వేరే. గల్ఫు పైసలతో కట్టిన ఇళ్లన్నిటికీ వాకిట్లో అద్దంలా పాలిష్ పట్టిన గ్రానైట్ మెట్లు వేస్తున్నారు. మన కరీంనగర్ గ్రానైట్‌కు దేశదేశాల్లో పేరుంది, కాదనను. కానీ వాన పడితే దాని మీద కాలు నిలవదు. బయటి మెట్లకు పాలిష్ లేని గరుకు రాయి అడగండి. ఉన్నవాటికి అంచుల దగ్గర గాడి కొట్టించండి. ఒక పక్కన కడ్డీ పెట్టించండి. చాలామంది ఇంటి అందం పోతుందంటారు.

చలి దేశాల్లో పాత ఇల్లు కొన్న పిల్లలకు చెప్పేది ఒకటే. అమ్మా నాన్నల టికెట్ కొనేముందు వాకిట్లో మెట్లు చూడండి. గోడకూ మెట్టుకూ మధ్య సందు ఉంటే, కడ్డీ ఊగితే, వేసవిలోనే పని పెట్టుకోండి. వేసవి దాటిపోతే చెక్క మెట్లు వేయించండి. పోయే పెద్దవాళ్లు బీపీ, షుగరు చీటీలన్నీ ఫోటో తీసి కొడుకు ఫోనులో, కోడలు ఫోనులో పెట్టండి. బీమా నంబరు రాసిన కాగితం జేబులో ఉంచుకోండి. చెత్త డబ్బా కోసం అడుగు బయట పెట్టినా ఫోను చేతిలో పట్టుకునే పోండి.